ఏ భాషకు డిమాండ్ ఉంది?

శ్రోతలకు నమస్కారం. అనువాదాన్నే వృత్తిగా పెట్టుకోవాలనుకునేవాళ్ళు ముందుగా అడిగేది ఒకటే, ఇప్పుడు ఏ భాషకు డిమాండ్ ఉందండీ అని. డిమాండేమో చూస్తుండగానే మారిపోతుంది, భాష రావడానికేమో ఏళ్ళు పడుతుంది. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు భాషలు నేర్పించే సంస్థ లెక్క ఒకటుంది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళు స్పానిష్, ఫ్రెంచ్ లాంటివి ఉద్యోగానికి పనికొచ్చేంతగా నేర్చుకోవాలంటే సుమారు 600 నుంచి 750 క్లాసు గంటలు, జపనీస్, కొరియన్, చైనీస్, అరబిక్ అయితే 2,200 గంటలు. మీ మాతృభాష వేరైతే ఈ లెక్కా మారుతుంది. ఎలా చూసినా, ఇన్ని గంటలు పోసే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉందని నా అభిప్రాయం: ఏ సబ్జెక్టు మీరు విసుగు లేకుండా ఏళ్ళ తరబడి చదవగలరు?

ఎందుకంటే అనువాదకుడి పని ముఖ్యంగా చదవడం, తన భాషలో రాయడం. వీలైనంతవరకు మాతృభాషలోకి, లేదా మాతృభాషంత పట్టున్న భాషలోకి అనువదించాలని 1976లో నైరోబీలో యునెస్కో చేసిన సిఫార్సు కూడా చెబుతుంది. అంటే కొత్త భాషలో గలగలా మాట్లాడలేకపోయినా ఫరవాలేదు (మాట్లాడాల్సింది దుబాసీలు, అంటే ఒకరి మాటను అప్పటికప్పుడు ఇంకో భాషలో చెప్పేవాళ్ళు, అది వేరే వృత్తి), కానీ ఒక కోర్టు తీర్పులోనో మందుల పరిశోధనా పత్రంలోనో మెలికలు తిరిగిన వాక్యం ఎటు పోతోందో తెలియాలి. చాలామంది స్పోకెన్ క్లాసుల దగ్గరే ఆగిపోతారు, తర్వాత పని రావట్లేదని టెన్షన్ పడతారు.

సబ్జెక్టు తేలితే భాష సగం తేలినట్టే. యంత్రాలు, ఇంజనీరింగ్ ఇష్టమా, జర్మన్ చూడండి. కొత్త ఆవిష్కరణలకు హక్కులిచ్చే యూరోపియన్ పేటెంట్ ఆఫీసు అధికార భాషలు మూడే, ఇంగ్లీషు, ఫ్రెంచ్, జర్మన్. అంతర్జాతీయ సంస్థల్లో ఉద్యోగం కావాలంటే దారి వేరు. ఐక్యరాజ్యసమితి అధికార భాషలు ఆరు: అరబిక్, చైనీస్, ఇంగ్లీషు, ఫ్రెంచ్, రష్యన్, స్పానిష్. మీ ప్రధాన భాష, అంటే మీరు ఏ భాషలోకి అనువదిస్తారో అది, వీటిలో లేకపోతే అక్కడ అనువాదకుడి ఉద్యోగం మీద ఆశ పెట్టుకోకండి. యూరోపియన్ యూనియన్‌లో భాషలు 24, అక్కడి అనువాదకులకు ప్రధాన భాష కాక సాధారణంగా ఇంకో రెండు రావాలి.

ఇలాంటి నిబంధన లేనిచోట రెండో విదేశీ భాష కోసం తొందరపడొద్దు. అరకొరగా వచ్చిన నాలుగు భాషల కన్నా, డ్రాఫ్టు చూసినవాళ్ళు ఎర్రసిరా పెట్టాల్సిన అవసరం రాని ఒక్క భాషకు డబ్బులెక్కువ. అయినా కావాలనుకుంటే వచ్చిన భాషకు చుట్టం అయినదాన్ని పట్టుకోండి. స్పానిష్ బాగా చదవగలిగేవాళ్ళకు పోర్చుగీస్ చదవడం త్వరగా వస్తుంది.

అన్నట్టు, మార్కెట్ చూడొద్దని కాదు. చూసేటప్పుడు ఒక్క భాషను కాదు, జంటను చూడాలి, ఏ భాష నుంచి ఏ భాషలోకి అని. జపనీస్ నుంచి ఇంగ్లీషుకు బోలెడంత పని ఉండొచ్చు, అదే జపనీస్ నుంచి మీ భాషలోకి అడిగేవాళ్ళే లేకపోవచ్చు. పెద్ద జంటల్లో పనీ ఎక్కువే, పోటీ కూడా ఎక్కువే, మెషీన్ ట్రాన్స్‌లేషన్ కూడా ముందు అక్కడే బాగుపడింది. చిన్న జంటల్లో పోటీ తక్కువ, కానీ పని ఎప్పుడొస్తుందో చెప్పలేం. భాషా క్లాసులకు ఫీజు కట్టేముందు మీ జంటలో, మీ సబ్జెక్టులో పని ఇచ్చే సంస్థల ప్రకటనలు కొన్ని నెలలపాటు గమనించండి.