కొట్టుకుంటున్న గుండె మీద కుట్టు: రోబో ఏం చేయాలి?

నమస్తే. ముందుగా స్క్రీన్ మీద ఈ రక్తనాళం చూడండి. ఇది గుండె కండరానికి రక్తం అందించే కరోనరీ ధమని. బైపాస్‌లో కుట్టు పడే చోట దీని వెడల్పు రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. కుట్టే దారం వెంట్రుక కంటే సన్నం. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఆ చోటు నాళం వెడల్పుకి ఎన్నో రెట్లు జరిగిపోతుంది. దాని వెంట పరిగెత్తడం ఎంత అనుభవం ఉన్న చేతికైనా కష్టమే.

గుండెను ఆపి, గుండె, ఊపిరితిత్తుల పనిని తాత్కాలికంగా చేసే హార్ట్-లంగ్ మెషీన్ మీద రోగిని ఉంచి కుట్టడం పాత దారి. ఆపకుండా చేయాలంటే స్టెబిలైజర్‌తో ఆ కాస్త చోటునీ పట్టి ఉంచుతారు. అయినా కొంత కదలిక మిగులుతుంది. రెండు మిల్లీమీటర్ల నాళానికి ఆ కొంతే ఎక్కువ.

ఇప్పుడు ఈ యానిమేషన్ చూడండి. గుండె పైకి లేస్తే సూది పట్టుకున్న రోబో చెయ్యి కూడా లేస్తోంది, దిగితే దిగుతోంది. రెంటి మధ్య దూరం మారడం లేదు. కెమెరా బొమ్మను కూడా అలాగే సరిచేస్తే, సర్జన్‌కు గుండె ఆగి ఉన్నట్టే కనిపిస్తుంది. టోక్యో విశ్వవిద్యాలయంలో యొషిహికో నకమురా బృందం 2001లో చూపించిన ఆలోచన ఇదే.

వేగంగా కదిలే మోటారు పెడితే సరిపోదా? సరిపోదు. చిన్న లెక్క వేద్దాం. గుండె గోడ సెకనుకు 60 మిల్లీమీటర్ల వేగంతో కదులుతోంది అనుకోండి. కెమెరా చూసి, కంప్యూటర్ లెక్కగట్టి, మోటారు కదిలేసరికి 50 మిల్లీసెకన్లు పట్టిందంటే సూది 3 మిల్లీమీటర్లు వెనకబడింది. నాళం దాటేసిందన్నమాట! అందుకే రోబో గుండె వెంట పడకూడదు, అది వెళ్లబోయే చోటుని ముందే అంచనా వేయాలి.

అదృష్టం ఏమిటంటే, ఈ కదలికకు ఒక లయ ఉంది. ఊపిరి వల్ల వచ్చే నెమ్మదైన కదలిక వెంటిలేటర్ చేతిలోనే ఉంటుంది. గుండె విషయంలో ఈసీజీ పనికొస్తుంది. కండరం బిగుసుకునే ముందే విద్యుత్ సంకేతం వస్తుంది కాబట్టి రోబోకు కాస్త వ్యవధి దొరుకుతుంది.

అసలు టెన్షన్ లయ తప్పినప్పుడే. మధ్యలో ఒక స్పందన ముందే వచ్చిందనుకోండి, పాత అంచనాను నమ్ముకున్న సూది తప్పు చోట దిగుతుంది. నా దృష్టిలో ఇలాంటి యంత్రాన్ని పరీక్షించాల్సింది ఇక్కడే. అనుమానం రాగానే సూదిని వెనక్కి లాగడం దానికి తెలిసుండాలి.

ఆపరేషన్లలో సర్జన్ నడిపే డావిన్చీ రోబో ఇదంతా చేస్తుందని చాలామంది అనుకుంటారు. అది సర్జన్ చేతి కదలికను చిన్నది చేసి, వణుకు తగ్గించి అందిస్తుంది. గుండెతో పాటు తనంతట తాను కదలదు.

కదిలే అవయవాన్ని అనుసరించే రోబోను రోగులకు నిజంగా వాడుతున్న చోటు వేరే ఉంది. అది సైబర్‌నైఫ్. పేరులో కత్తి ఉన్నా కోత ఉండదు, రేడియేషనే. ఛాతీ మీద పెట్టిన చిన్న లైట్లను కెమెరా చూస్తూ ఉంటుంది. ఊపిరితిత్తిలోని కణితి ఎటు జరుగుతోందో దాన్నిబట్టి లెక్కగట్టి, రోబో చెయ్యి అటే తిరుగుతుంది. ఊపిరి తీరు మెల్లగా మారుతూ ఉంటుంది కాబట్టి, మధ్యమధ్యలో ఎక్స్‌రే తీసి ఆ లెక్కను సరిచూసుకుంటుంది.