ఇంటర్నెట్ ఫోన్ మీద ఫ్యాక్స్ మధ్యలో ఎందుకు తెగిపోతుంది?

[తెర మీద: ఫ్యాక్స్ మెషీన్, పక్కన చిన్న అడాప్టర్]

అమెరికాలో క్లినిక్‌లు, ఫార్మసీలు, ఇన్సూరెన్స్ కంపెనీలు ఇప్పటికీ ఫ్యాక్స్‌ని వదల్లేదు. అక్కడ ప్రాక్టీస్ చేసే మన తెలుగు డాక్టర్లకూ ఈ టెన్షన్ ఉంటుంది. రాగి తీగ లైన్ తీసేసి ఇంటర్నెట్ ఫోన్ పెట్టించాక మాట శుభ్రంగానే వినిపిస్తుంది. ఫ్యాక్స్ మాత్రం మూడో పేజీ దగ్గర ఆగిపోతుంది.

నెట్ స్పీడ్ చాలట్లేదని ప్లాన్ మార్చకండి. ఒక కాల్‌కి సెకనుకు 100 కిలోబిట్లు కూడా అక్కర్లేదు.

[తెర మీద: వరుసగా కదిలే ప్యాకెట్లు, ఒకటి మాయం]

ఇంటర్నెట్ ఫోన్ శబ్దాన్ని సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి పంపుతుంది. ఒక ముక్క పోతే మన చెవి పట్టించుకోదు. ఫ్యాక్స్ మెషీన్ అసలు పని మోడెమ్ పని, అంటే పేజీని టోన్లుగా మార్చి పంపడం; దానికి ప్రతి ముక్కా సమయానికి అందాలి. పోయినచోట ఫోన్ ఊహించి నింపిన శబ్దం దానికి చెత్తతో సమానం. ఇక జి.729 అనే కోడెక్ (శబ్దాన్ని డేటాగా మార్చే పద్ధతి) అయితే మనిషి గొంతుకి తగ్గట్టు శబ్దాన్ని సెకనుకు 8 కిలోబిట్లకు నొక్కేస్తుంది. దాంట్లో ఫ్యాక్స్ టోన్లు బతకవు.

సరైన మందు టి.38. 1998లో వచ్చిన ప్రమాణం. ఇందులో అడాప్టరే (ఫ్యాక్స్ మెషీన్‌ని ఇంటర్నెట్‌కి కలిపే చిన్న పెట్టె) ఫ్యాక్స్ టోన్లను విప్పి, డేటాగా పంపుతుంది. ప్రతి ప్యాకెట్‌తో పాటు ముందు ప్యాకెట్ కాపీ కూడా పంపొచ్చు కాబట్టి ఒకటి పోయినా నష్టం లేదు. చిక్కల్లా ఒకటే: దారిలో ఉన్న ఫోన్ కంపెనీలన్నీ దీన్ని ఒప్పుకోవాలి. "టి.38 ఉందా?" అంటే అందరూ ఉందనే అంటారు. "అవతలి నంబర్ దాకా పనిచేస్తుందా?" అని అడగండి.

టి.38 కుదరదంటే, అడాప్టర్ సెట్టింగ్స్‌లో శబ్దాన్ని పెద్దగా నొక్కని జి.711 కోడెక్ ఒక్కటే ఉంచండి. సైలెన్స్ సప్రెషన్ (నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ప్యాకెట్లు పంపకపోవడం) ఆపేయండి, జిట్టర్ బఫర్‌ని (ముందూ వెనకా వచ్చే ప్యాకెట్లను కాసేపు ఆపి వరుసగా అందించేది) ఫిక్స్‌డ్‌లో పెట్టండి. మెషీన్‌లో వేగం సెకనుకు 33600 బిట్ల నుంచో 14400 నుంచో 9600కి దించండి. అడాప్టర్‌ని వైఫైతో కాకుండా కేబుల్‌తో కలపండి.

[తెర మీద: గీతలు పడిన మందు చీటీ]

ఈసీఎం ఆపేయమని చాలామంది సలహా ఇస్తారు. దెబ్బతిన్న భాగాన్ని మళ్లీ పంపించే ఏర్పాటు అది. ఆపేస్తే పేజీ వెళ్తుంది, నిజమే. కానీ గీతలు పడి మందు చీటీలో 5 కాస్తా 6లా కనబడితే? నేనైతే వేగం ఇంకా తగ్గిస్తాను గానీ, ఈసీఎం జోలికి పోను.

టెస్ట్‌కి ఒక్క పేజీ పంపి సరిపెట్టుకోవద్దు. రెండు వైపులా గడియారాల్లో ఉండే సన్నని తేడా పెద్ద కాల్‌లోనే బయటపడుతుంది. పది పేజీలు పంపి, రిపోర్ట్‌లో పేజీల లెక్క చూడండి.