పండుగ రోజుల్లో పిండిపదార్థాల నియమం

సభకు నమస్కారం.

పిండిపదార్థాలు తగ్గించి తినే పద్ధతిని నెలల తరబడి శ్రద్ధగా పాటించినవారు సైతం పండుగలు దగ్గరపడుతున్నాయంటే దిగులుపడతారు. అయితే పండుగనాటి భోజనానికి మనం భయపడినంతగా, ఆ తరువాత వారం పది రోజులు సాగే తిండికి భయపడం. నా దృష్టిలో నియమం చెడేది అక్కడే.

2000లో వెలువడిన ఒక అధ్యయనంలో, అమెరికాలో 195 మంది పెద్దలను పరిశీలించగా, ఏడాది చివరి పండుగ కాలంలో వారు పెరిగిన బరువు సగటున 0.37 కిలో మాత్రమే. ఆ పెరిగిన కాస్తా తరువాతి నెలల్లో తగ్గకపోవడమే ఆలోచించవలసిన సంగతి.

విందు మర్నాడు బరువు చూసుకుని, కిలోకు పైగా పెరిగామని తెలిసి, ఇంతకాలం పడ్డ శ్రమ వృథా అయిందన్న నిరాశతో నియమాన్ని పూర్తిగా వదిలేసేవారు ఎందరో ఉన్నారు. వారికి ఈ లెక్క తెలియాలి. మన శరీరం పిండిపదార్థాన్ని గ్లైకోజెన్ రూపంలో కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాలలో సుమారు 400 గ్రాములు దాచుకుంటుంది. ప్రతి గ్రాముతో పాటు దాదాపు 3 గ్రాముల నీరు కూడా చేరుతుంది. నియమంలో ఉన్నవారిలో ఈ నిల్వలు తగ్గి ఉంటాయి కనుక, విందులో 300 గ్రాముల నిల్వ తిరిగి నిండినా, నీటితో కలిపి 1.2 కిలోల బరువు కనిపిస్తుంది. ఒక కిలో కొవ్వు పెరగాలంటే అవసరానికి మించి సుమారు 7,700 కేలరీలు తినాలి. ఒక్క పూటలో అది జరిగే పని కాదు. మర్నాటి నుంచే పాత పద్ధతికి వస్తే ఆ నీరు కొద్ది రోజుల్లో పోతుంది.

అలాగని ఆ ఒక్క పూట ఎంతైనా తినవచ్చునని కాదు. చాలాకాలం పిండిపదార్థాలు తక్కువగా తిన్న శరీరం, ఒక్కసారిగా ఎక్కువ గ్లూకోజు వచ్చి పడితే దాన్ని వెంటనే సర్దుకోలేదు. గ్లూకోజు తట్టుకునే శక్తిని పరీక్షించే ముందు మూడు రోజులపాటు రోజుకు కనీసం 150 గ్రాముల పిండిపదార్థాలు తినమని చెప్పేది ఇందుకే. కాబట్టి విందులో ముందుగా కూరగాయలూ, మాంసమో గుడ్లో తిని, పిండివంటలను చివరికి ఉంచుకోవడం మేలు. ఈ వరుసలో తింటే రక్తంలో చక్కెర పెరుగుదల తగ్గుతుంది. తిన్నాక కాసేపు నడిస్తే ఇంకా మంచిది. పండ్లరసాలు మాత్రం వద్దు.

ప్రేమతో వడ్డించే పెద్దలకు మన ఆహార నియమాల శాస్త్రం వివరించబోతే వారి మనసు నొచ్చుకోవడం తప్ప ప్రయోజనం ఉండదు. "చాలా బాగుందండీ, కడుపు నిండిపోయింది, మీరూ కూర్చోండి, కబుర్లు చెప్పుకుందాం" అంటే చాలు.

ఇక అసలు చిక్కు, వంటింటి గట్టుమీద మిగిలిపోయిన మిఠాయి పెట్టె. మంచినీళ్ల కోసం వెళ్లినప్పుడొక చిన్న ముక్క, పిల్లలకు తీసి పెట్టినప్పుడు వేళ్లకు అంటుకున్న పొడి, రాత్రి దీపం ఆర్పబోతూ సగం బిళ్ల. వీటిలో ఏదీ భోజనంగా లెక్కకు రాదు. కానీ పిండిపదార్థాలు రోజుకు 50 గ్రాముల లోపే తినాలని నిశ్చయించుకున్నవారి పరిమితి వీటితోనే దాటిపోతుంది. పండుగనాటి సాయంత్రమే ఆ పెట్టెను ఇరుగుపొరుగుకో, వచ్చిన చుట్టాలకో ఇచ్చి పంపండి. పండుగ ఏ పూటతో ముగుస్తుందో ముందే నిర్ణయించుకుని, తరువాతి పూటకు కావలసిన గుడ్లూ కూరలూ ముందురోజే తెచ్చి ఉంచుకోండి. తిన్నదానికి శిక్షగా రోజంతా పస్తులుంటే సాయంత్రానికి ఆకలి పెరిగి మళ్లీ ఆ పెట్టె దగ్గరికే చేరతాం.

మధుమేహానికి మందులు వాడేవారికి ఒక హెచ్చరిక. ఇన్సులిన్ గానీ, శరీరం చేత ఎక్కువ ఇన్సులిన్ విడుదల చేయించే సల్ఫొనైల్యూరియా రకం మాత్రలు గానీ తీసుకుంటూ పిండిపదార్థాలను హఠాత్తుగా తగ్గిస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చక్కెరను మూత్రం ద్వారా బయటకు పంపే ఎస్‌జీఎల్‌టీ2 రకం మందులు వాడేవారు పిండిపదార్థాలు బాగా తగ్గిస్తే కీటోఅసిడోసిస్ (రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు ప్రమాదకరంగా పెరగడం) ముప్పు ఉంది. విందు రోజునా, తిరిగి నియమంలోకి వచ్చే రోజునా మందు మోతాదు ఎలా ఉండాలో వీరంతా పండుగకు ముందే తమ డాక్టరును అడిగి తెలుసుకోవాలి.