థర్మోస్టాట్ మార్చే ముందు తీగలు చూడండి: హీట్ పంప్ వైరింగ్ తనిఖీ

నమస్కారం అండీ. ఇంట్లో డక్టెడ్ హీట్ పంప్ ఉంది, అంటే డక్టుల ద్వారా చల్లగాలీ, వేడిగాలీ రెండూ ఇచ్చే మిషన్. గోడకు దాన్ని నడిపే థర్మోస్టాట్ ఉంది. స్క్రీన్ వెలగట్లేదు. లేదా వెలుగుతోంది గానీ కంప్రెసర్ ఎత్తుకోవట్లేదు. లేదంటే కూలింగ్ పెడితే వేడిగాలి కొడుతోంది. వీటిలో ఏదైనా సరే, కొత్త థర్మోస్టాట్ ఇప్పుడే ఆర్డర్ పెట్టకండి. చాలాసార్లు తప్పు తీగలోనో, ఫ్యూజులోనో, సెట్టింగులోనో దొరుకుతుంది.

ముందు ఒక హెచ్చరిక. ఈ వీడియో 24 వోల్టుల కంట్రోల్ ఉన్న మిషన్లకే. రిమోట్‌తో నడిచే హాట్ అండ్ కోల్డ్ స్ప్లిట్ ఏసీకి ఈ తీగలే ఉండవు. మన హైదరాబాద్ ఆఫీసుల్లో, కొన్ని టవర్లలో చల్లనీళ్లతో నడిచే ఫ్యాన్ కాయిల్ యూనిట్లు ఉంటాయి. వాటి థర్మోస్టాట్ వెనక ఫేజ్, న్యూట్రల్ ఉంటాయి, అంటే 230 వోల్టులు. ఆన్‌లైన్‌లో కొన్న 24 వోల్టుల స్మార్ట్ థర్మోస్టాట్‌ను అక్కడ తగిలిస్తే అది కాలిపోతుంది, మీకూ ప్రమాదం. లేబుల్ చదివాకే ముందుకు వెళ్దాం.

ఇండోర్ ఎంసీబీ, ఔట్‌డోర్ ఎంసీబీ రెండూ దించండి. టెస్టర్‌తో సరిచూసుకోండి. థర్మోస్టాట్ ముందు భాగం లాగేసి, తీగలకు ఫోటో తీయండి. రంగుల్ని మాత్రం నమ్మొద్దు. మన దగ్గర చేతికొచ్చిన మల్టీకోర్ కేబుల్ లాగేస్తారు, ఎరుపు తీగ ఆర్ (R) అనే అక్షరం కిందే ఉండాలని లేదు. ఇండోర్ యూనిట్‌లోని కంట్రోల్ బోర్డు మీద ఏ తీగ ఏ అక్షరం కింద ఉందో, గోడ దగ్గర కూడా అదే అక్షరం కింద ఉండాలి.

ఆర్ అంటే 24 వోల్టుల సప్లై. సీ తిరుగుదారి. జీ లోపలి ఫ్యాన్. వై కంప్రెసర్, హీట్ పంప్‌లో వేడికీ చల్లదనానికీ వై పనిచేయాలి. ఓ/బీ రివర్సింగ్ వాల్వు, అంటే మిషన్‌ను చల్లదనం నుంచి వేడికి, వేడి నుంచి చల్లదనానికి మార్చేది. డబ్ల్యూ అదనపు హీటర్‌ది, మన చలికి చాలా ఇళ్లలో అది ఖాళీగానే ఉంటుంది.

ఇప్పుడు ఎంసీబీ ఎత్తి, మల్టీమీటర్‌ను ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంటు) వోల్టేజీలో పెట్టి, ఇండోర్ బోర్డు మీద ఆర్, సీల మధ్య కొలవండి. ఆ బోర్డు పక్కనే 230 వోల్టుల తీగలుంటాయి, చెయ్యి జాగ్రత్త. 24 నుంచి 28 వస్తే సరే. ఎండాకాలం సాయంత్రం లైన్ వోల్టేజీ 190కి పడితే ఇది 20కి దిగుతుంది, కంప్రెసర్‌కి కరెంటు ఇచ్చే స్విచ్, అంటే కాంటాక్టర్, టకటకమంటుంది. అది థర్మోస్టాట్ తప్పు కాదు.

సున్నా వస్తే, బోర్డు మీద కారు ఫ్యూజులాంటిది 3 లేదా 5 ఆంపియర్లది ఉంటుంది, చూడండి. పోయి ఉంటే అదే రేటింగ్‌ది వేయండి. పెద్దది వేసినా, తీగ చుట్టినా ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. మళ్లీ పోతే ఎక్కడో షార్ట్ ఉంది. ఔట్‌డోర్‌కి వెళ్లే వై, ఓ/బీ తీగలు విప్పి మళ్లీ ఫ్యూజు వేయండి. ఈసారి నిలిస్తే తప్పు బయటి కేబుల్‌లోనో, కాంటాక్టర్ కాయిల్‌లోనో, వాల్వు కాయిల్‌లోనో ఉంది. టెర్రస్ మీద ఎండకు కేబుల్ తొడుగు పగులుతుంది, ఫాల్స్ సీలింగ్‌లో ఎలుకలు కొరుకుతాయి. ముందు ఆ రెండు చోట్లే వెతకండి.

ఫ్యూజు బాగుండి, బోర్డు దగ్గర 24 వస్తూ కూడా స్క్రీన్ నల్లగా ఉంటే డ్రెయిన్ ట్రే తీసి చూడండి. చాలా మిషన్లలో ఫ్లోట్ స్విచ్ ఆర్ తీగకు వరుసలో ఉంటుంది. డ్రెయిన్ పైపు పాచి పట్టి మూసుకుంటే, నీళ్లు నిండి అదే కరెంటు కోస్తుంది. పైపు శుభ్రం చేస్తే సరిపోతుంది.

కేబుల్ సంగతి తేల్చడానికి, ఎంసీబీ దించి, గోడ దగ్గర ఆర్, జీలను చిన్న తీగతో కలిపి మళ్లీ ఎత్తండి. ఫ్యాన్ తిరగాలి. తర్వాత ఆర్, జీ, వై మూడూ కలపండి. కంప్రెసర్‌కి ఐదు నిమిషాల దాకా ఆలస్యం ఉండొచ్చు, ఓపిక పట్టండి. ఆర్‌ని సీకి మాత్రం ఎప్పుడూ కలపొద్దు. ఇలా కలిపితే నడిచి, థర్మోస్టాట్ పెడితే నడవకపోతే తప్పు థర్మోస్టాట్‌లోనో దాని సెట్టింగులోనో ఉంది. గోడ దగ్గర నడవక బోర్డు దగ్గర నడిస్తే మధ్యలో తీగ తెగింది. కేబుల్‌లో వాడని కోరు, అంటే మిగులు తీగ, ఉంటే అదే వాడండి. లేకపోతే 0.75 లేదా 1 చదరపు మిల్లీమీటర్ల ఎనిమిది కోర్ల కంట్రోల్ కేబుల్ కొత్తగా లాగించండి. కోర్ల చివర పిన్ లగ్గులు నొక్కాలి. ఒక్క పోగు పక్క టెర్మినల్‌కి తగిలినా ఫ్యూజు పోతుంది.

ఇక జనాన్ని ఎక్కువ తికమకపెట్టేది ఓ/బీ. క్యారియర్, ట్రేన్ వంటి చాలా కంపెనీల మిషన్లలో కూలింగ్‌లో వాల్వుకి కరెంటు వెళ్తుంది, అది ఓ. రీమ్ మిషన్లలో సాధారణంగా హీటింగ్‌లో వెళ్తుంది, అది బీ. థర్మోస్టాట్‌లో ఇది తారుమారైతే కూలింగ్ అడిగితే వేడి వస్తుంది. తీగ మార్చక్కర్లేదు, సెట్టింగ్ మారిస్తే చాలు. తీగ తెగితే కథ వేరు. ఓ రకం మిషన్ ఎప్పుడూ వేడే కొడుతుంది, ఏప్రిల్‌లోనే తెలిసిపోతుంది. బీ రకం మాత్రం ఎప్పుడూ చల్లగానే నడుస్తుంది. అందుకే ఎండాకాలమంతా మనకు అనుమానమే రాదు, డిసెంబర్‌లో హీటింగ్ వేసినప్పుడే బయటపడుతుంది.

సెట్టింగుల్లో మిషన్ రకం ‘హీట్ పంప్’ అని ఉందో లేదో కూడా చూడండి. మామూలు ఫర్నేస్ (కంప్రెసర్‌తో కాకుండా వేడిచేసే మిషన్) అని ఉంటే హీటింగ్ అడిగినప్పుడు థర్మోస్టాట్ డబ్ల్యూకి కరెంటు పంపుతుంది, కంప్రెసర్ లేవదు.

మే నెలలో హీటింగ్ పరీక్షించాలంటే రెండు నిమిషాలు చాలు. బయట యూనిట్‌లో వాల్వు మారేటప్పుడు బుస్సుమన్న చప్పుడు వస్తే ఆపేయండి. ఆ ఎండలో ఎక్కువసేపు నడిపితే ప్రెజర్ పెరిగి ట్రిప్ అవుతుంది. తీగలన్నీ సరిగ్గా ఉండి కూడా చల్లదనం రాకపోతే గ్యాసు, కంప్రెసర్ సంగతి చూడాలి. అది టెక్నీషియన్ పని.

మూత పెట్టే ముందు గోడలో తీగ వచ్చే రంధ్రాన్ని ఫోమ్ ముక్కతో మూయండి. ఫాల్స్ సీలింగ్‌లోని వేడిగాలి పైపు గుండా దిగి సెన్సర్‌కి తగిలితే, గది 26 ఉన్నా 29 అని చూపిస్తూ మిషన్ ఆగకుండా నడుస్తుంది.