ఆ పేరు ఇంకెవరైనా వాడుతున్నారేమో చూశారా?

అందరికీ నమస్కారం.

జావాలో వెబ్ అప్లికేషన్లు రాసేవాళ్లందరం సెట్‌అట్రిబ్యూట్ మెథడ్‌ని రోజూ వాడతాం. ఒక్క అభ్యర్థన వరకే ఉండే రిక్వెస్ట్‌లోనో, ఒక యూజర్ వాడుతున్నంతసేపూ ఉండే సెషన్‌లోనో, అప్లికేషన్ మొత్తానికీ ఒకటే ఉండే సర్వ్‌లెట్ కాంటెక్స్ట్‌లోనో ఒక ఆబ్జెక్ట్‌ని దాస్తాం. దాన్నే అట్రిబ్యూట్ అంటాం. దానికి 'యూజర్' అనో 'కాన్ఫిగ్' అనో ఏది తోస్తే అది పేరు పెట్టేస్తాం. ఈరోజు ఆ పేరు గురించే మాట్లాడతాను.

అక్కడ రాసేది మనం ఒక్కళ్లమే కాదు. మన అప్లికేషన్‌ని నడిపించే టామ్‌క్యాట్ లాంటి కంటెయినర్, ఫిల్టర్లు, మనం తెచ్చుకున్న లైబ్రరీలు అన్నీ అక్కడే రాసుకుంటాయి. క్లయింట్ సర్టిఫికెట్ వస్తే కంటెయినర్ దాన్ని రిక్వెస్ట్ అట్రిబ్యూట్‌గానే మనకిస్తుంది. అప్లికేషన్‌కి కేటాయించిన తాత్కాలిక ఫోల్డర్ కూడా కాంటెక్స్ట్ అట్రిబ్యూటే.

సెషన్‌లో 'యూజర్' పేరుతో మీరొక కస్టమర్ ఆబ్జెక్ట్ పెట్టారనుకోండి. అదే పేరుతో ఒక లాగిన్ లైబ్రరీ స్ట్రింగ్ పెట్టింది. ఆ క్షణంలో ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు. పాతది పోయి కొత్తది కూర్చుంటుంది. సర్వ్‌లెట్లు ఎలా పనిచేయాలో నిర్దేశించే సర్వ్‌లెట్ స్పెసిఫికేషన్ చెప్పేదీ అదే. తర్వాతెప్పుడో, సంబంధం లేని పేజీలో, టైపు కుదరలేదంటూ క్లాస్‌కాస్ట్ ఎక్సెప్షన్ వస్తుంది. ఏ మెథడ్ దేన్ని పిలిచిందో చూపే స్టాక్ ట్రేస్‌లో, ఆ విలువని చదివిన లైను కనిపిస్తుంది కానీ, రాసిందెవరో కనిపించదు. రెండూ ఒకే టైపువైతే ఇంకా ప్రమాదం. ఎక్సెప్షన్ కూడా రాకుండా తప్పు విలువతోనే పని సాగిపోతుంది.

దీనికి మందు స్పెసిఫికేషన్‌లోనే ఉంది. అట్రిబ్యూట్‌కి ప్యాకేజీ పేరు పద్ధతిలోనే పేరు పెట్టమంటుంది. అంటే మీ డొమైన్‌ని తిరగేసి, ఇంటిపేరులా ముందు తగిలించడం. టామ్‌క్యాట్ సొంత అట్రిబ్యూట్లు 'ఆర్గ్.అపాచీ'తో మొదలవుతాయి. స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్ తన ఆబ్జెక్ట్‌లన్నిటినీ చూసుకునే రూట్ కాంటెక్స్ట్‌ని క్లాస్ పూర్తి పేరు చివర 'రూట్' చేర్చి దాస్తుంది. 'జావా', 'జావాక్స్', 'జకార్తా'లతో మొదలయ్యే పేర్ల జోలికి మాత్రం వెళ్లకండి, అవి ప్లాట్‌ఫామ్‌వి.

చుక్కలున్న పేర్లు వెబ్ పేజీని తయారుచేసే జేఎస్‌పీ ఫైళ్లలో ఇబ్బందే, స్క్వేర్ బ్రాకెట్లలో రాయాల్సి వస్తుంది. అందుకే పేజీకి పంపే రిక్వెస్ట్ అట్రిబ్యూట్లకి పొట్టి పేర్లు వాడినా నేను అభ్యంతరం చెప్పను. సెషన్, కాంటెక్స్ట్ విషయంలో మాత్రం రాజీ పడొద్దు. అవి ఎక్కువసేపు బతుకుతాయి, ఎక్కువమంది చేతులు పడతాయి.

ఆ పేరుని ఒకేచోట కాన్‌స్టెంట్‌గా రాసుకోండి. 2020లో, సర్వ్‌లెట్లు భాగమైన ప్లాట్‌ఫామ్ వెర్షన్ జకార్తా ఈఈ 9తో 'జావాక్స్.సర్వ్‌లెట్' కాస్తా 'జకార్తా.సర్వ్‌లెట్' అయింది. ఇంపోర్ట్‌లు మార్చకపోతే కంపైలర్ అరిచి చెప్పింది. ఎర్రర్ పేజీల్లో కోట్స్ మధ్య చేత్తో రాసిన 'జావాక్స్.సర్వ్‌లెట్.ఎర్రర్.స్టేటస్_కోడ్' మాత్రం హాయిగా కంపైల్ అయి, నల్ తెచ్చిపెట్టింది. అదే పేరుకి రిక్వెస్ట్‌డిస్పాచర్ ఇంటర్‌ఫేస్‌లో సర్వ్‌లెట్ 3.0 నుంచే ఉన్న కాన్‌స్టెంట్ వాడినవాళ్లకి ఆ టెన్షన్ లేదు.

ఇప్పటికే నడుస్తున్న అప్లికేషన్ మీద అనుమానం ఉంటే సెషన్‌కి ఒక అట్రిబ్యూట్ లిజనర్ తగిలించండి. ఉన్న విలువ మీద కొత్తది పడ్డప్పుడల్లా అట్రిబ్యూట్‌రీప్లేస్డ్ మెథడ్ నడుస్తుంది, పాత విలువ కూడా చేతికొస్తుంది. అక్కడే స్టాక్ ట్రేస్ లాగ్ చేస్తే, రాసిందెవరో పేరుతో సహా దొరుకుతుంది.