ముందువైపు చూడకండి, వెనక్కి తిప్పండి

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలందర్నీ పేరుపేరునా తలుచుకోవాలి గానీ ఇప్పటికే ముగ్గురు ఆ పని చేశారు, నేనూ మొదలుపెడితే నాకిచ్చిన టైమ్‌లో సగం అక్కడే అయిపోతుంది, అందుకని అందరికీ కలిపి ఒకటే దండం. పర్యావరణ దినోత్సవం అంటే మొక్కల గురించో నదుల గురించో మాట్లాడేవాళ్ళని పిలుస్తారు, ఈసారి బాత్రూమ్ గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. పిలిచినందుకు సంతోషం.

ముందే చెప్పేస్తా, నేను సైంటిస్టుని కాదు, డాక్టర్ని అంతకన్నా కాదు. అట్టపెట్టెలూ లేబుళ్ళూ అచ్చేసే ప్రెస్‌లో ప్రూఫులు చూసేవాణ్ణి. సబ్బు అట్టలు, షాంపూ స్టిక్కర్లు, పేస్టు పెట్టెలు, ఫేస్‌వాష్ ట్యూబులు, ఏళ్ళ తరబడి అన్నీ నా టేబుల్ మీదుగా పోయినవే. మామూలు మనుషులు సీసా ముందువైపు చూసి కొంటారు, నేను వెనకవైపు ఆ చీమ తలకాయంత అక్షరాలు చదివి చదివి కళ్ళజోడు నంబర్ పెంచుకున్నవాణ్ణి.

ఆ ప్రెస్‌లో జరిగిన ఒక సంగతి చెప్తాను. ఇది నేను ఎక్కడికెళ్ళినా చెప్తాను, ముందు విన్నవాళ్ళుంటే ఓపిక పట్టండి. ఒక కంపెనీ షాంపూ ఉండేది, పేరు వద్దు. లేబుల్ ఎప్పుడూ నీలం రంగులో వచ్చేది. ఒకరోజు కొత్త ఆర్ట్‌వర్క్ వచ్చింది, నీలం మొత్తం పోయి ఆకుపచ్చ, పేరు పక్కన ఒక ఆకు, ఆకు మీద నీటిబొట్టు, కింద ప్రకృతి అనీ స్వచ్ఛత అనీ ఏదో మాట. ప్రూఫు చూసేవాడి పనేంటంటే పాత లేబుల్ ఒకపక్క, కొత్తది ఇంకోపక్క పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చుకోవడం. వెనకవైపు ఇంగ్రీడియెంట్ల జాబితా చూస్తూ పోయాను, మొదటి పదం నుంచి చివరి పదం దాకా అదే. కామాలతో సహా అదే. నేనేమనుకున్నానంటే వాళ్ళు పొరపాటున పాత జాబితా అతికించి పంపారు, అచ్చయిపోతే గొడవ అవుతుంది అని ఫోన్ చేశాను. అవతల ఒక కుర్రాడు, పాపం మంచివాడే, "లేదండీ కరెక్టే, లోపల సరుకు అదే, బయట మాత్రమే రీలాంచ్" అన్నాడు. సాయంత్రం మళ్ళీ అతనే ఫోన్, "సార్, ఆకు ఇంకొంచెం పెద్దది చేయమంటున్నారు పైవాళ్ళు."

ఇంటిపేరు కస్తూరి వారు, ఇంట్లో గబ్బిలాల కంపు అంటారే, అదీ. ఆ ఆకు తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే ఆ సీసా కొన్నావిడ "పోన్లే, నదులకి కాస్త మేలు చేశాను" అనుకునే కొని ఉంటుంది కదా. ఆవిడ మంచి మనసుని ఆ ఆకు తినేసింది.

నాకున్న మాట ఒక్కటే. సీసా ముందువైపు రాసేది మార్కెటింగ్ వాళ్ళు, వెనకవైపు రాయించేది చట్టం. వెనక్కి తిప్పండి.

తిప్పితే ఏం కనబడుతుంది? మొదట ఆక్వా, అంటే నీళ్ళు. షాంపూలో ఎక్కువ భాగం నీళ్ళే. జాబితాలో ఏది ఎక్కువుంటే అది ముందు రాయాలి, చాలా దేశాల్లో రూలు అదే, అయితే ఒక శాతం లోపు ఉన్నవాటిని మాత్రం ఏ వరసలోనైనా రాసుకోవచ్చు. ఇక్కడ ఒక చిట్కా ఉంది, రాసుకునేవాళ్ళు రాసుకోండి. ఫినాక్సీఇథనాల్ అని ఒక ప్రిజర్వేటివ్ ఉంటుంది, అంటే సరుకు పాడవకుండా కలిపేది, చాలా సీసాల్లో కనబడుతుంది. యూరప్ రూల్స్ ప్రకారం అది ఒక శాతం దాటకూడదు. అంటే ఆ రూల్ పాటించే సరుకులో ఆ పేరు తర్వాత ఏముందో అదంతా కూడా ఒక శాతం లోపే. ముందువైపు సీసా నిండా ఏ పువ్వు బొమ్మ వేశారో ఆ పువ్వు పేరు వెనక ఫినాక్సీఇథనాల్‌కి ముందుందా, తర్వాతుందా చూడండి. పదికి తొమ్మిది సార్లు తర్వాతే ఉంటుంది, కావాలంటే ఇంటికెళ్ళి చూసుకోండి.

అసలు నేను ఒక కాగితం మీద వరసగా పాయింట్లు రాసుకొచ్చాను, మొదట మైక్రోబీడ్స్ అనే సన్నటి ప్లాస్టిక్ పూసలు, తర్వాత పామాయిల్... కానీ ఇక్కడికి రాగానే అందరికీ ఒక కిట్ ఇచ్చారు చూశారూ, నాకూ ఇచ్చారు, పైన "ఎకో కిట్" అని ఉంది. నిర్వాహకులు ఏమీ అనుకోకూడదు, నేను కాగితం పక్కన పెట్టేస్తున్నా. మీ మీ కిట్లు ఒళ్ళో పెట్టుకోండి, అందరం కలిసి చూద్దాం.

మొదట బ్రష్. వెదురు బ్రష్. బాగుంది. అట్టపెట్టెలో ఉంది, అదీ బాగుంది, పెట్టె తెరిస్తే లోపల? వెనక వరసలో వాళ్ళు గట్టిగా చెప్పండి. ప్లాస్టిక్ కవర్! సరే, దాన్ని వదిలేయండి. వేలితో ఆ కుచ్చు నిమిరి చూడండి, మెత్తగా, ఒకేలా, మెరుస్తూ ఉందే, అది నైలాన్. 1938లో నైలాన్ కుచ్చు బ్రష్షులు అమ్మకానికి వచ్చాయి, అంతకుముందు పంది వెంట్రుకలు వాడేవాళ్ళు, ఇప్పటికీ చాలా వెదురు బ్రష్షుల కుచ్చు నైలానే. బ్రష్ మంచిదే, పిడి వరకు ప్లాస్టిక్ తగ్గింది, కానీ పాతబడ్డాక మొత్తంగా మట్టిలో పాతేస్తే కుచ్చు అలాగే ఉంటుంది. పట్కారుతో కుచ్చు పీకేసి పిడి మాత్రమే కంపోస్టులో వేయాలి. ఆ ముక్క ఈ పెట్టె మీద ఎక్కడైనా రాసి ఉందా? నాకైతే దొరకలేదు.

రెండోది ఈ తడి వైప్స్. "ఫ్లషబుల్" అని ఉంది. అమ్మా, అయ్యా, ఈ ఒక్క మాట మాత్రం మర్చిపోకండి, కమోడ్‌లో వేయొద్దు. చాలా వైప్స్‌లో పాలిస్టర్ పోగులుంటాయి, ఆ పాలిస్టర్ లేనివి కూడా చాలావరకు టాయిలెట్ పేపర్‌లా నీళ్ళలో విడిపోవు. 2017లో లండన్‌లో వైట్‌చాపెల్ అనే చోట మురుగు గొట్టంలో ఒక ముద్ద దొరికింది, వైప్సూ డయపర్లూ కొవ్వూ కలిసి రాయిలా గట్టిపడి 250 మీటర్ల పొడవు, 130 టన్నుల బరువు. దాన్ని పగలగొట్టి తియ్యడానికి వారాలు పట్టింది. చేతులు తుడుచుకోవడానికి గుడ్డముక్క చాలదా అండీ?

మూడోది ఈ బుల్లి షాంపూ. హోటళ్ళలో ఇస్తారే, ఆ సైజు. కాలిఫోర్నియాలో 2019లో చట్టం చేసి హోటళ్ళు ఇలాంటి బుల్లి ప్లాస్టిక్ సీసాలు ఇవ్వకుండా ఆపారు, పెద్ద హోటళ్ళకి 2023 నుంచి, చిన్నవాటికి 2024 నుంచి అమలు. మనం ఎకో కిట్‌లో పెట్టుకున్నాం. నవ్వకండి, నిర్వాహకులు మంచి ఉద్దేశంతోనే చేశారు, నేను చెప్పేది కూడా అదే, మంచి ఉద్దేశం ముందువైపు చూసి ఆగిపోతోంది. సాషే ఇంకా కష్టం, ప్లాస్టిక్ పొరా అల్యూమినియం పొరా కలిపి అతికించిన రేకు అది, ఆ పొరలు విడదీసి మళ్ళీ వాడటం గిట్టుబాటు కాదు. పంపు సీసాలోనూ అంతే, ప్లాస్టిక్ లోపల స్టీలు స్ప్రింగు ఉంటుంది, పంపు తీసి విడిగా పడేయాలి. రీఫిల్ దొరికితే అదే పంపు మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు.

ఈ సీసా మీద "బయోడిగ్రేడబుల్" అనీ ఉంది. దేనికి? సీసాకా, లోపల షాంపూకా? చెప్పలేదు. లోపలిదానికైతే ఆ మాట వెనక పెద్ద కథే ఉంది. 1950ల్లో కొత్త డిటర్జెంట్లు వచ్చాక చాలా దేశాల్లో నదుల మీద గుట్టలు గుట్టలుగా నురగ తేలింది, కొన్నిచోట్ల కుళాయి తిప్పితే నురగ వచ్చేది. కారణం ఆ డిటర్జెంట్ అణువు తోక కొమ్మలు కొమ్మలుగా ఉండటం, సూక్ష్మజీవులు దాన్ని తినలేకపోయేవి. 1960ల మధ్యకల్లా కంపెనీలు తోక తిన్నగా ఉండే రకానికి మారాయి, నురగ చాలావరకు తగ్గింది. అంటే ఇది కొత్త గొప్పేం కాదు, ఇవాళ మామూలు షాంపూల్లో నురగ తెప్పించే సరుకు కూడా చాలావరకు నీళ్ళలో విరిగిపోయేదే. దానికి ల్యాబ్ పరీక్ష ఉంది, 28 రోజుల్లో కనీసం 60 శాతం విరిగితే "త్వరగా విరిగేది" అంటారు. పరీక్ష పాసయిందని రాస్తే నమ్మొచ్చు, ఆకు బొమ్మ పక్కన ఊరికే బయోడిగ్రేడబుల్ అంటే నమ్మక్కర్లేదు. అదే మాట సీసా గురించైతే ఇంకో మెలిక, మొక్కల నుంచి చేసే పీఎల్ఏ ప్లాస్టిక్ కంపోస్ట్ అవ్వాలంటే దాదాపు 60 డిగ్రీల వేడి ఉండే ప్లాంటు కావాలి, పెరట్లో గుంట సరిపోదు.

ఇంకోటి, "కెమికల్ ఫ్రీ". నీళ్ళు కూడా కెమికలే కదండీ. సబ్బు అంటేనే నూనెకి సోడియం హైడ్రాక్సైడ్ కలిపితే వచ్చేది, అది లేకుండా గట్టి సబ్బు ఎవరు చేశారో నాకు చూపించండి. అలాగని "నేచురల్" అంటే పుణ్యం అనుకోకండి. అమెజాన్ అడవుల్లో రోజ్‌వుడ్ అనే చెట్టుంది, సెంటుల కోసం దాన్ని నరికి నరికి చివరికి 2010లో అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలున్న జాబితాలో చేర్చాల్సి వచ్చింది. ఆ నూనె నూటికి నూరుపాళ్ళూ నేచురలే మరి.

పామాయిల్ సంగతీ అంతే. సబ్బు వెనక సోడియం పామేట్ అని ఉంటే అది పామాయిలే. నురగ తెప్పించే సోడియం లారెత్ సల్ఫేట్, గ్లిజరిన్ లాంటివి పామ్ నుంచి రావచ్చు, కొబ్బరి నుంచి రావచ్చు, పేరుని బట్టి తెలీదు. పామాయిల్ కోసం అడవులు కొట్టేసిన మాట నిజం. కానీ పూర్తిగా మానేద్దాం అంటే ఎకరానికి అంత నూనె ఇచ్చే పంట ఇంకోటి లేదు, వేరే నూనెకి మారితే ఇంకా ఎక్కువ భూమి కావాలి. అందుకే 2004లో ఆర్ఎస్పీవో అని ఒక ధ్రువీకరణ సంస్థ పెట్టారు, దాని మీద విమర్శలు లేకపోలేదు, అయినా ఏ గుర్తూ లేనిదానికన్నా ఆ గుర్తున్నది నయం, నా అభిప్రాయం.

మైక్రోబీడ్స్ గురించి రాసుకొచ్చాను గానీ టైమ్ లేదు, ఒక్క మాట. స్క్రబ్ జాబితాలో పాలిఇథిలీన్ అని కనబడితే మీరు ముఖానికి రుద్దుకునేది ప్లాస్టిక్ పొడి. అమెరికా 2015లో కడిగేసే సరుకుల్లో దాన్ని ఆపుతూ చట్టం చేసింది, యూరప్ 2023లో ఇంకా గట్టి రూల్ తెచ్చింది. యాంటీబ్యాక్టీరియల్ సబ్బుల్లో క్రిముల్ని చంపడానికి కలిపే ట్రైక్లోసాన్ కూడా అంతే, మామూలు సబ్బు, నీళ్ళ కంటే ఎక్కువ పనిచేస్తుందని కంపెనీలు రుజువు చూపలేదని 2016లో అమెరికాలో మందులూ ఆహారం చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్డీఏ దాంతో కలిపి అలాంటి 19 రకాల సరుకుల్ని అలాంటి సబ్బుల్లోంచి తీసేయమంది.

ఇదిగో, చిట్టీ వచ్చింది. "ప్యాడ్ల గురించి ఏమీ మాట్లాడరా" అని. మాట్లాడతానమ్మా, అడిగినందుకు థాంక్స్. మామూలు ప్యాడ్‌లో పైపొర, కిందపొర, లోపల పీల్చే జెల్ చాలావరకు ప్లాస్టిక్ జాతివే. సిలికాన్ కప్పు ఒకటి కొంటే ఏళ్ళ తరబడి వస్తుంది, సరిగ్గా చూసుకుంటే పదేళ్ళ దాకా కూడా. గుడ్డ ప్యాడ్లూ ఉన్నాయి. కానీ వాటికి శుభ్రమైన నీళ్ళు కావాలి, తలుపు ఉన్న బాత్రూమ్ కావాలి, మరిగించుకునే వీలు కావాలి. అవి లేని అమ్మాయికి పర్యావరణం పేరు చెప్పి క్లాసు పీకే హక్కు ఎవరికీ లేదు, నాకు అసలే లేదు.

అధ్యక్షులవారు వాచీ చూస్తున్నారు. ముగించేస్తా, ఇంకో రెండే.

షాంపూ తయారీ, సీసా, లారీ రవాణా అన్నీ లెక్కేస్తే కూడా దాని కార్బన్ భారంలో పెద్ద వాటా వేడినీళ్ళదే అని లెక్కలు కట్టినవాళ్ళు చెప్తున్నారు. గీజర్ వేసుకుని షవర్ కింద పాటలు పాడుకుంటూ ఆకు బొమ్మ షాంపూ రాసుకుంటే ఏం లాభం చెప్పండి. నీళ్ళ వేడి కాస్త తగ్గించి, స్నానం తొందరగా ముగించండి, దానికి ఏ బ్రాండూ అక్కర్లేదు. అలాగే ఈ స్పీచ్ విని ఇంటికెళ్ళి ఉన్నవన్నీ పారేసి కొత్తవి కొనకండి దయచేసి, ఉన్నది చివరి బొట్టు దాకా వాడండి, అయ్యాకే తర్వాతది. సబ్బు బిళ్ళలా గట్టిగా ఉండే షాంపూలు ఇప్పుడు దొరుకుతున్నాయి, ప్లాస్టిక్ సీసా గొడవా లేదు, నీళ్ళని లారీల్లో మోసుకొచ్చే గొడవా లేదు. అందరి జుట్టుకీ పడవు, పడితే వాడండి.

చివరిది. సీసా వెనక అడుగున కస్టమర్ కేర్ నంబర్ ఉంటుంది. ఫోన్ చేసి అడగండి, బయోడిగ్రేడబుల్ అన్నారు కదా, సీసాకా లోపలిదానికా, పరీక్ష ఎక్కడ చేయించారు అని. "నోట్ చేసుకున్నామండీ" అంటారు. దులపరించుకోవడానికి అంటున్నారు అనుకోకండి. ఒకసారి మా ప్రెస్‌కి వైప్స్ ప్యాకెట్ సవరణ ఒకటి వచ్చింది, పైనున్న ఫ్లషబుల్ అనే మాట కొట్టేసి "కమోడ్‌లో వేయవద్దు" అని ఎర్రక్షరాల్లో పెట్టమని. ఎందుకు మార్చారని అడిగితే, ఫోన్లు చేసి మరీ తిడుతున్నారు సార్ అన్నాడు అవతలి మనిషి. సరే, ఇంక ప్రశ్నలుంటే అడగండి, నేనేం బ్రాండ్ వాడతాను అని మాత్రం అడగొద్దు.