దొంగ యాంటీవైరస్: ఇంటి కంప్యూటర్‌ను కాపాడుకోవడం ఎట్లా

సభకు వచ్చిన పెద్దలకు, అన్నలకు, అక్కలకు, చదువుకునే పిల్లలకు నమస్కారం. లైబ్రరీలో నాలుగు మాటలు చెప్పమని పిలిచినందుకు చాలా సంతోషం.

నేను నల్లగొండలో కంప్యూటర్లు రిపేరు చేస్తుంటాను. ఈమధ్య నా దగ్గరికి వచ్చే ల్యాప్‌టాప్‌లలో నిజంగా చెడిపోయినవాటికంటే భయపడి పట్టుకొచ్చినవే ఎక్కువ. స్క్రీన్ మొత్తం ఎర్రగా అయిందంటారు. సైరన్ మోగిందంటారు. ‘మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది, ఆఫ్ చేయకండి, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని ఎవరో మాట్లాడినట్టు వినిపించిందంటారు. ఇంట్లో అందరూ ఆగమాగం. ఆ పరేషాన్‌లో కొందరు డబ్బు కట్టేస్తున్నారు, కొందరు ఇంకా పెద్ద నష్టంలో పడుతున్నారు. వాడలో ‘దొంగ, దొంగ’ అని తనే అరిచి, కాపాడతాను తలుపు తీయమనే దొంగ ఎట్లాంటివాడో ఈ దొంగ యాంటీవైరస్ అట్లాంటిది. అది తలుపు పగలగొట్టదు. తీసేది మనమే.

ముందుగా ఒక మాట గట్టిగా చెప్తాను. మీ కంప్యూటర్‌ను స్కాన్ చేయడం ఏ వెబ్‌సైట్‌కూ సాధ్యం కాదు. బ్రౌజర్ ఏదైనా, క్రోమ్ గానీ ఎడ్జ్ గానీ ఫైర్‌ఫాక్స్ గానీ, మీ హార్డ్ డిస్క్‌లో ఉన్న ఫైళ్లన్నీ తిరగేసి చూసే అవకాశం ఏ వెబ్ పేజీకీ ఇవ్వవు. మరి పచ్చగీత నిండుకుంటూ పోవడం, ఫైళ్ల పేర్లు గబగబా పరుగెత్తడం, చివరికి ఇన్ని వైరస్‌లు దొరికాయని లెక్క చూపించడం ఏమిటి? అదంతా ముందే తయారుచేసి పెట్టిన బొమ్మ. మీకు కనిపించేదే పక్కింటివాళ్లకూ కనిపిస్తుంది. ఇట్లాంటి పేజీని ఫోన్‌లో తెరిచినా సి డ్రైవ్‌లో వైరస్ ఉందని చూపించిన సందర్భాలున్నాయి. సి డ్రైవ్ విండోస్ కంప్యూటర్‌లో ఉండేది, ఫోన్‌లో ఎక్కడిది?

ఈ వ్యాపారం ఇవాళ పుట్టింది కాదు. అమెరికాలో వినియోగదారుల తరఫున చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2008 డిసెంబరులో ఇట్లాంటి ఒక ముఠా మీద కోర్టుకు వెళ్లింది. ఉత్తుత్తి స్కాన్‌లు చూపించి, విన్‌ఫిక్సర్, ఎక్స్‌పీ యాంటీవైరస్ లాంటి పేర్లతో పది లక్షల మందికి పైగా అంటగట్టారని ఆరోపణ. 2012లో కోర్టు 16.3 కోట్ల డాలర్లు కట్టమని తీర్పు ఇచ్చింది. మా మ్యాక్‌కు వైరస్‌లు రావని ధీమాగా ఉన్నవాళ్లను కూడా 2011లో మ్యాక్ డిఫెండర్ అనే దొంగ ప్రోగ్రామ్ ఇట్లాగే బెదిరించింది. అప్పుడు ప్రోగ్రామ్ అమ్మి డబ్బు తీసుకునేవారు. ఇప్పుడు ఎక్కువగా ఫోన్ నంబరు ఇస్తున్నారు, ఫోన్ చేస్తే కంప్యూటర్ లోపలికే వస్తున్నారు.

ఎట్లా వస్తారో వివరంగా చెప్తాను, ఎందుకంటే అక్కడే మనవాళ్లు దెబ్బతింటున్నారు. రామగిరి వైపు ఉండే ఒక రిటైర్డ్ హెడ్మాస్టర్ సారు పాత పాటలు డౌన్‌లోడ్ చేసుకుందామని కూర్చున్నారు. ఒక సైట్‌లో పెద్ద పచ్చరంగు బటన్ నొక్కారు. ‘మీరు రోబో కాదని తెలియడానికి అలో నొక్కండి’ అని వచ్చింది, నొక్కారు. అక్కడే ముడి పడింది. ఆ అలోకు, రోబోకు ఏ సంబంధమూ లేదు. ఆ సైట్ మీ స్క్రీన్ మీద ఎప్పుడంటే అప్పుడు నోటిఫికేషన్లు వేయడానికి మీరిచ్చిన అనుమతి అది. మర్నాటి నుంచి కుడివైపు కింది మూలన పేరున్న యాంటీవైరస్ కంపెనీల గుర్తులతో హెచ్చరికలు మొదలయ్యాయి. ఒకదాని మీద క్లిక్ చేస్తే స్క్రీన్ మొత్తం నిండిపోయి సైరన్ మోగింది.

సారు ఆ నంబరుకు ఫోన్ చేశారు. అవతలి మనిషి చాలా మర్యాదగా మాట్లాడి, దూరం నుంచి కంప్యూటర్ నడిపే ఎనీడెస్క్ అనే ప్రోగ్రామ్ వేయించి, కంప్యూటర్‌ను తన చేతుల్లోకి తీసుకున్నాడు. ఎనీడెస్క్ మంచి సాఫ్ట్‌వేరే, ఆఫీసుల్లో రోజూ వాడతారు. తెరవగానే అందులో తొమ్మిది అంకెలో పది అంకెలో ఉండే కోడ్ కనిపిస్తుంది, దాన్ని ఎవరికి చెప్తున్నామన్నదే ప్రశ్న. లోపలికి వచ్చాక అతను ఈవెంట్ వ్యూయర్ తెరిచి చూపించాడు. అందులో ఎర్ర గుర్తులు, పసుపు గుర్తులు వరసగా ఉంటాయి. ‘చూశారా సార్, ఇవన్నీ వైరస్‌లే’ అన్నాడు. ఇది బాగా వినండి: ఈవెంట్ వ్యూయర్ అంటే విండోస్ తన రోజువారీ పని రాసుకునే దినచర్య పుస్తకం. కొత్తగా కొన్న ల్యాప్‌టాప్‌లో తెరిచినా ఎర్ర గుర్తులు కనిపిస్తాయి. ప్రింటర్ ఒకసారి పలకకపోయినా, ఏదో సర్వీస్ ఆలస్యంగా మొదలైనా అందులో ఎక్కుతుంది. వాటికి వైరస్‌తో పనే లేదు.

సారు ఇల్లాలు వచ్చి గట్టిగా అడిగేసరికి ఫోన్ పెట్టేసి, వైఫై ఆపారు. అప్పటికి డబ్బు పోలేదు. నా దగ్గర కూర్చుని ‘మా అబ్బాయికి చెప్పకు బిడ్డా’ అన్నారు. ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి అంత సిగ్గుపడటం చూసి నాకు కడుపు తరుక్కుపోయింది. తప్పు మోసం చేసినవాడిది. ఈ మోసానికి చదువుతో సంబంధం లేదు, ఆలోచించే వ్యవధి ఇవ్వకపోవడమే దాని బలం. కొడుకులు, కోడళ్లు ఇక్కడ ఉంటే దయచేసి వినండి: పెద్దవాళ్లు ఇట్లాంటిది చెప్తే ‘ఎందుకు నొక్కావు’ అని కసురుకోవద్దు. కసిరితే రెండోసారి చెప్పరు. ఆ రెండోసారే డబ్బు పోతుంది.

ఇక రక్షణ సంగతి. విండోస్ 10లో, 11లో యాంటీవైరస్ పుట్టుకతోనే ఉంది. దాని పేరు మైక్రోసాఫ్ట్ డిఫెండర్. డబ్బు కట్టనక్కర్లేదు. విచిత్రం ఏమిటంటే, నా దగ్గరికి వచ్చేవాళ్లలో దాని మొహం ఒక్కసారైనా చూసినవాళ్లు అరుదు. అసలు యాంటీవైరస్ ఎట్లా ఉంటుందో తెలియనప్పుడు నకిలీది వస్తే ఎట్లా గుర్తుపడతాం? అందుకే ఇవాళ ఇంటికి వెళ్లాక, ఏ భయమూ లేని వేళ, స్టార్ట్ నొక్కి విండోస్ సెక్యూరిటీ అని టైప్ చేసి తెరవండి. డాలు గుర్తు ఉంటుంది. లోపల ‘వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్’ అని ఉంటుంది. అన్నీ సరిగా ఉంటే పచ్చ టిక్కు కనిపిస్తుంది. ‘క్విక్ స్కాన్’ ఒకసారి నొక్కి చూడండి. సైరన్ మోగదు, కార్డు నంబరు అడగదు, పని చేసుకుని ఊరుకుంటుంది. ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి అదే చూపించండి. తమ హెచ్చరికల్లో ఎప్పుడూ ఫోన్ నంబరు ఉండదని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెప్పింది. నంబరు కనిపించిందంటే అది దొంగదే, ఇంకో ఆలోచన అక్కర్లేదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కొత్త ల్యాప్‌టాప్‌తో పాటు ఏదో కంపెనీ యాంటీవైరస్ కొద్ది రోజుల ట్రయల్‌గా రావచ్చు. గడువు అయ్యాక ‘రెన్యూ చేయండి’ అని రోజూ సతాయిస్తుంది. అది నకిలీ కాదు, అమ్మకం. కావాలనుకుంటే ఆ కంపెనీ సొంత సైట్‌కు మీరే వెళ్లి కొనండి, వద్దనుకుంటే తీసేయండి. తీసేస్తే డిఫెండర్ తనంతట తానే మళ్లీ మొదలవుతుంది. అసలైన కంపెనీ పేరు మీద నకిలీ వస్తుంది కాబట్టి, రెన్యూ అని వచ్చిన కబురు మీద నేరుగా ఎప్పుడూ క్లిక్ చేయకండి.

విండోస్ 10 వాడేవాళ్లకు ఒక మాట. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మిషన్ సహకరిస్తే 11కు మారండి.

మన జిల్లాల్లో దొంగ ప్రోగ్రామ్‌లు లోపలికి వచ్చే ఇంకో దారి కూడా ఉంది, అది నాకు బాగా బాధ కలిగించే దారి. డీటీపీ సెంటర్లు, ఫ్లెక్సీ షాపులు, పెళ్లి ఆల్బమ్‌లు చేసే ఫొటో స్టూడియోలు, వీటిలో క్రాక్ సాఫ్ట్‌వేర్, అంటే డబ్బు కట్టకుండా తాళం పగలగొట్టిన సాఫ్ట్‌వేర్ వాడకం ఎక్కువ. ఇటు మిర్యాలగూడ వెళ్లినా, అటు పాలమూరు వెళ్లినా అంతే. క్రాక్‌తో పాటు వచ్చే ఫైల్‌లో మొదటి వాక్యమే ‘యాంటీవైరస్ ఆపేయండి’ అని ఉంటుంది. మనం చేతులారా కాపలావాణ్ని పంపించేసి, ముక్కూమొహం తెలియనివాడు తయారుచేసిన ప్రోగ్రామ్‌కు అడ్మినిస్ట్రేటర్ అధికారం ఇస్తున్నాం. అది పని చేస్తుంది, ఫొటోషాప్ తెరుచుకుంటుంది. దాని వెనక ఇంకేం లోపలికి వచ్చిందో ఎవరికి తెలుసు? ఊళ్లో సగం పెళ్లిళ్ల ఫొటోలు ఉన్న మిషన్‌తో అంత జూదం వద్దు. ఖర్చు భరించలేకపోతే ఉచితంగా దొరికేవి ఉన్నాయి: ఫొటోలకు జింప్, డిజైన్లకు ఇంక్‌స్కేప్, ఆఫీసు పనికి లిబ్రే ఆఫీస్. చేయి తిరగడానికి కొంత సమయం పడుతుంది, అయినా నేర్చుకోదగ్గవి.

ఇంట్లో పిల్లలు గేములు వేసే కంప్యూటర్ అయితే వాళ్లకు అడ్మినిస్ట్రేటర్ అధికారం లేని స్టాండర్డ్ అకౌంట్ పెట్టండి, అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ మీ దగ్గర ఉంచుకోండి. సగం చెత్త అక్కడే ఆగుతుంది.

ఇప్పుడు, ఆ సైరన్ హెచ్చరిక స్క్రీన్ మీదికి వచ్చేసిందనుకుందాం. ముందు దేన్నీ క్లిక్ చేయకండి, మూసేసే ఎక్స్ గుర్తును కూడా. అదీ బొమ్మలో భాగం కావచ్చు. ఎస్కేప్ కీ కాసేపు నొక్కి పట్టుకుంటే ఫుల్ స్క్రీన్ పోతుంది. పోకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో బ్రౌజర్‌ను ఎంచుకుని ‘ఎండ్ టాస్క్’ కొట్టండి. అదీ కుదరకపోతే పవర్ బటన్ నొక్కి పట్టి ఆపేయండి. ‘ఆఫ్ చేస్తే డేటా పోతుంది’ అని వాడు రాసింది అబద్ధం. తిరిగి తెరిచినప్పుడు ‘పాత పేజీలు రిస్టోర్ చేయాలా’ అని అడిగితే వద్దనండి. చాలాసార్లు కథ ఇక్కడితోనే అయిపోతుంది, కంప్యూటర్‌లోకి ఏమీ వచ్చి ఉండదు.

మూలన నోటిఫికేషన్లు ఆగకపోతే క్రోమ్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్, ఈ వరసలో వెళ్లండి. అనుమతి ఉన్న సైట్ల పట్టికలో మీకు తెలియని పేర్లన్నీ తీసేయండి. పోయినా ఏ నష్టమూ లేదు. అట్లాగే ఎక్స్‌టెన్షన్స్‌లో, అంటే బ్రౌజర్‌కు అదనంగా తగిలించేవాటిలో, మీరు పెట్టనివి ఉంటే అవీ తీసేయండి. హెడ్మాస్టర్ సారుకు వచ్చే హెచ్చరికలు ఈ ఒక్క పట్టికతోనే ఆగిపోయాయి.

నిజంగానే ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ అయి ఉంటే కొంచెం ఓపిక కావాలి. మొదట వైఫై ఆపండి. సెట్టింగ్స్‌లో యాప్స్‌కు వెళ్లి, ఇన్‌స్టాల్ అయిన తేదీ ప్రకారం వరస పెట్టి చూడండి. గొడవ మొదలైన రోజు వచ్చినవి పైనే కనిపిస్తాయి. తీసేస్తుంటే ‘మీ రక్షణ పోతుంది, ఖాయమా?’ అని అడుగుతుంది. ఖాయమే, తీసేయండి. తీయనివ్వకపోతే, విండోస్ తనకు తప్పనిసరైనవాటితో మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌లోకి వెళ్లాలి. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ వరసలో వెళ్లి, మళ్లీ రీస్టార్ట్ అయ్యాక 4 నొక్కాలి. కొత్త ల్యాప్‌టాప్‌లలో దీనికి ముందు బిట్‌లాకర్ రికవరీ కీ అడగవచ్చు, అంటే డిస్క్‌కు వేసిన తాళం తీసే పొడవాటి నంబరు. అది సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ఇప్పుడే రాసి బీరువాలో పెట్టుకోండి, అవసరం పడ్డ రాత్రి వెతుక్కుంటే దొరకదు.

తీసేశాక, చేస్తున్న పని సేవ్ చేసుకుని, విండోస్ సెక్యూరిటీలో స్కాన్ ఆప్షన్స్‌లో ఉండే ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా మొదలవకముందే వెతుకుతుంది, కాబట్టి దాక్కునే ప్రోగ్రామ్‌లకు ఆ ఎత్తు పారడం కష్టం. సుమారు 15 నిమిషాలు పడుతుంది. ఇంకో అభిప్రాయం కావాలంటే మాల్వేర్‌బైట్స్ అనే ఇంకో స్కానర్ ఉచిత వెర్షన్ దాని అసలు సైట్ నుంచే తెచ్చుకోండి. కేంద్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైట్‌లో కూడా ఉచిత టూల్స్ ఉన్నాయి. చివరగా ఒక చోటు చూడమంటాను, రిపేరు చేసేవాళ్లు కూడా మరిచిపోయే చోటు: డిఫెండర్ సెట్టింగ్స్‌లో ఎక్స్‌క్లూజన్స్. దొంగ ప్రోగ్రామ్‌లు తమ ఫోల్డర్‌ను ‘దీన్ని స్కాన్ చేయవద్దు’ అని అక్కడ రాసి పోతుంటాయి. మీరు పెట్టనిది అక్కడ ఉంటే తుడిచేయండి. ఇంత చేసినా అనుమానం పోకపోతే ఫొటోలు, పత్రాలు మాత్రం బయటి డిస్క్‌కు ఎత్తుకుని, విండోస్‌ను రీసెట్ చేయడమే మేలు.

అవతలివాడు కంప్యూటర్ లోపలికి వచ్చి ఉంటే, లేదా డబ్బు కట్టి ఉంటే, క్లీనింగ్ సంగతి తర్వాత. ముందు మీ ఫోన్ తీసి బ్యాంకుకు చెప్పి కార్డు, ఆన్‌లైన్ లావాదేవీలు ఆపించండి. అవతలివాడి మాట మీద ఫోన్‌లో కూడా ఏదైనా యాప్ వేసి ఉంటే ఆ ఫోన్ వద్దు, ఇంట్లో ఇంకొకరిది వాడండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు వాడి ఖాతాలోంచి ఇంకో ఖాతాకు మారేలోపు ఫిర్యాదు చేరితే ఆపే అవకాశం ఉంటుంది, అందుకే గంటలు కాదు నిమిషాలు లెక్క. కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు రాయవచ్చు. వాడిచ్చిన ఫోన్ నంబరు, డబ్బు వెళ్లిన యూపీఐ ఐడీ, లావాదేవీ నంబరు, స్క్రీన్ ఫొటో, ఇవి దాచి ఉంచండి. కోపంలో మెసేజ్‌లు డిలీట్ చేయకండి. మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు సోకిన కంప్యూటర్‌లో కాకుండా వేరే చోట మార్చండి. కొద్ది రోజుల తర్వాత ‘మీ డబ్బు రీఫండ్ ఇస్తాం’ అని ఇంకో ఫోన్ రావచ్చు. అది కూడా వాళ్లదే, పెట్టేయండి.

నా ల్యాప్‌టాప్ ఇక్కడే ఉంది. డాలు గుర్తు ఎక్కడుంటుందో, నోటిఫికేషన్ల పట్టిక ఎట్లా తెరవాలో ఇప్పుడు చేసి చూపిస్తాను. వెనక కూర్చున్న పెద్దవాళ్లు దయచేసి ముందుకు రండి. మౌస్ మీ చేతికే ఇస్తాను.